పింఛను ఎవరి చేతికి?
తాగుడుకు పింఛను సొమ్ము ఇవ్వలేదని కన్నతల్లిపై కొడుకు చేయెత్తిన వార్త ఆంధ్రప్రదేశ్‌లో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంది. వృద్ధులకు నెలకు రూ.4,000 గడప వద్దకే చేరుస్తున్న ప్రభుత్వానికి, అది వారి చేతిలో నిలిచేలా చూసే బాధ్యతా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రైబ్యునల్ భరణం ఇప్పించగలదు. సంపాదనంతా మద్యానికే పోసేవాడి నుంచి వసూలయ్యేదేముంది? పైగా కొడుకు జైలుపాలవుతాడన్న భయంతో చాలామంది తల్లులు ఠాణా మెట్లెక్కరు. ఆ మౌనాన్ని సమ్మతిగా లెక్కగట్టడం క్రూరత్వం. ఫిర్యాదు అందిన ప్రతిచోటా తల్లికి రక్షణ, కొడుకుకు వ్యసన విముక్తి చికిత్స కలిపి అందాలి. ఆ ఖర్చు ఎక్సైజ్ రాబడి నుంచే రావాలి. పింఛను పంచే సచివాలయ సిబ్బంది వృద్ధులతో విడిగా మాట్లాడి, 14567 హెల్ప్‌లైన్ సంగతి చెప్పి, అనుమానం కలిగితే ఆర్డీఓకు తెలియజేసేలా ప్రభుత్వం వెంటనే ఉత్తర్వులివ్వాలి.