గుహానివాసములకు కాలినడక

మన పాఠశాల సాంవత్సరిక సంచికయందు విహారయాత్రను గూర్చి యొక వ్యాసము ప్రకటించుట వాడుక. రైలు ఎన్ని గంటలకు బయలుదేరినది, ఎచ్చట భోజనము చేసితిమి, ఎవ్వరు దారి తప్పిరి అను సంగతులే అందు హెచ్చుగా నుండును. ఈ మారు మేమట్టి వృత్తాంతమును వ్రాయ దలపలేదు. మేము పిల్లలను గుంటుపల్లి గుహలకు గొనిపోయి వచ్చిన పిమ్మట తలిదండ్రులలో కొందరు మూడు ఆక్షేపణలు చేసిరి. క్రైస్తవ పాఠశాల బాలురకు బౌద్ధుల గుహలతో నేమి పని యనునది మొదటిది. బస్సుండగా పిల్లలను ఎండలో నడిపింపనేల యనునది రెండవది. బీదపిల్లలు రాలేని యాత్ర పాఠశాల యాత్ర యెట్లగును అనునది మూడవది. వీనిని గూర్చి మా యభిప్రాయమును నిష్కపటముగా విన్నవించుకొందుము.

గుంటుపల్లి ఏలూరికి ఉత్తరమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కామవరపుకోట ప్రాంతమున, జీలకర్రగూడెము చెంతనున్న కొండ. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దమునాటికే బౌద్ధభిక్షువులు ఆ కొండను దొలిపించి యందు నివసించిరి. ఇది రాజులు కోటలు పెట్టి కట్టిన పట్టణము గాదు. ఉలితో దొలిచిన పట్టణము. ఒక వైపున భిక్షువులు పరుండిన చిన్న చిన్న గదులు, వేరొక వైపున వారు ప్రార్థనకు కూడిన చైత్యగృహము, కొండపైని ఇటుకకట్టడముల శిథిలములు, వరుసలుగా చిన్న స్తూపములు కానవచ్చును. వర్షాకాలమున మూడు నెలలు భిక్షువులు సంచారము మాని యొకచోట నిలువవలెనను నియమము వారికి గలదు. అట్టివారికి ఇల్లైనది ఈ రాయి.

ముందుగా నడకను గూర్చి చెప్పెదము. మేము కొండకు కొంతదూరమున బస్సు దిగి నడచితిమి. దారిలో నొక బాలుడు, “అయ్యా, ఇంత దూరమున నెవ్వరుందురు? వీరికి అన్నమెట్లు దొరకెను?” అని యడిగెను. మేము ఉత్తరము చెప్పలేదు. మరికొంత నడచిన పిమ్మట వాడే చెప్పెను: “ఊరికి దూరమే గాని, పోయి రాలేనంత దూరము గాదయ్యా.” ఆ స్థలమును ఏల యెన్నుకొనిరను ప్రశ్నకు సమాధానమంతయు ఆ మాటలోనే యున్నది. భిక్షువు ఉదయమున ఊరికి పోయి భిక్షనెత్తి, మధ్యాహ్నము గాకముందే భుజింపవలెను. ఊరి సందడి వినబడరాదు. ఊరి యన్నము మాత్రము అందవలెను. ఈ కొలత కాళ్లకు దెలియును గాని బస్సు చక్రమునకు దెలియదు. 7వ శతాబ్దమున చైనానుండి హ్యూయెన్ త్సాంగ్ మన యాంధ్రదేశమునకు వచ్చెను. ఆయన వ్రాతలు నేటికిని చరిత్రకారులకు పనికివచ్చుచున్నవనగా, తాను పోయిన దేశములను తీరికగా చూచుటయే కారణము. తీరికగా చూచుటకు నడకను మించిన సాధనము లేదు.

చైత్యగృహము గుండ్రనిది. నడుమ రాతిస్తూపము, దాని చుట్టును ప్రదక్షిణమునకు దారి గలవు. లోన నిలిచి పైకి చూచినయెడల కప్పు గుమ్మటమువలె వంగి, నడినెత్తినుండి నలుదెసలకు రాతివాసములు దిగియుండును. రాతికప్పునకు వాసములతో నిమిత్తము లేదు. అవి యొక్క బరువును మోయవు. అయినను శిల్పి వానిని చెక్కెను. ఏలన, ఆ కాలమున జనులెరిగిన యిల్లు కఱ్ఱతోను గడ్డితోను కట్టినది. దేవళమును దొలుచునప్పుడును వాని మనస్సులో మెదలినది ఆ యిల్లే. సముద్రతీరమున చుట్టిల్లు చూచిన మన పిల్లలకు ఇది వివరింప నక్కఱలేకపోయెను. పూరిండ్లు కాలగర్భమున గలసినవి గాని వాని రూపము ఇచ్చట రెండువేల యేండ్లకు పైగా నిలిచియున్నది.

మాతో వచ్చినవారిలో రాళ్లు కొట్టి జీవించువాని కుమారుడొకడుండెను. తరగతిలో వాడు వెనుకబల్లవాడు. గదిలోని గోడను వ్రేళ్లతో తడవి, ఉలి యే దిక్కునుండి పడినదో, ఎచ్చట పనివాడు చేయి మార్చుకొనెనో వాడు తోడివారికి చూపుచుండగా మేము వెనుక నిలిచి వింటిమి. గూడూరు ప్రాంతపు అభ్రకపుగనులలో తండ్రితాతలు చెమటోడ్చిన పిల్లలు మన పాఠశాలలో ననేకులు గలరు. వారి యింటివిద్యకు చరిత్రలో స్థానము గలదని వారు తెలిసికొన్న దినము అది. ఏ పరీక్షయు ఆ దినమున వారికి గలిగిన గౌరవమును ఇచ్చియుండదు.

అదే దినమున మఱియొకడు తన పేరును రాతిపై గీయుటకు కంపాసుముల్లు తీసెను. మేము వాని చేయి పట్టుకొంటిమి. 1958 నాటి పురాతన కట్టడముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడమును పాడుచేసినవానికి రెండేండ్లవరకు కారాగారమో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని నిర్ణయించిరి. కాని మేము చట్టమును జెప్పి బెదరింపలేదు. “ఇంత కొండను దొలిచినవాడు తన పేరు ఎచ్చట వ్రాసికొనెనో వెదకుము” అంటిమి. వాడు చాలసేపు వెదకి, తల వంచుకొని వచ్చి, ముల్లును పెట్టెలో బెట్టెను.

ఇక మతవిషయము. పరిశుద్ధ గ్రంథమును చదువువారికి గుహ క్రొత్తగాదు. దావీదు అదుల్లాము గుహలో తలదాచుకొనెను; హోరేబు గుహలో ఏలీయాతో దేవుడు మాటలాడెను; ఓబద్యా నూరుగురు ప్రవక్తలను ఏబదిమంది చొప్పున గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించెను. అపొస్తలుల కార్యములలో పేర్కొనబడిన కప్పదొకియలో, అనగా నేటి తుర్కీదేశమున, తర్వాతి శతాబ్దములలో క్రైస్తవులే కొండలను దొలిచి మందిరములును నివాసములును చేసికొనిరి. అన్యమతస్థులు వానిని చెక్కివేసి పేర్లు వ్రాసికొన్న మనకెట్లుండును? గుంటుపల్లి చైత్యములోని స్తూపమును తరువాతి కాలపు గ్రామస్థులు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. ఒక్క రాయి ఇన్ని తరముల భక్తిని చూచినది. పొరుగువాని భక్తిని మర్యాదతో చూచుటవలన మన విశ్వాసము సన్నగిలునని తలచువారు ఆ విశ్వాసమునే తక్కువగా నెంచుచున్నారని మా నమ్మకము.

మూడవ యాక్షేపణకు మాత్రము మాయొద్ద జవాబు లేదు, అది న్యాయమే. గూడూరునుండి ఏలూరు రైలుమార్గమున సుమారు 350 కిలోమీటర్లు. ఛార్జీలు కట్టలేక నిలిచిపోయినవారు స్టేషనుకు వచ్చి స్నేహితులను సాగనంపుట మేము చూచితిమి. రైలు కదలిన పిమ్మట మాకు సంతోషము గలుగలేదు. కావున రాబోవు యాత్ర దగ్గరి స్థలమునకు సాగవలెను. సీతారామపురము దిక్కున నల్లమల కొండలలోని భైరవకోనయందు రాతిలో మలచిన శివాలయములు ఎనిమిది గలవు. అది గుంటుపల్లికంటె మనకు ఎంతయో దగ్గర. పాఠశాల వార్షికోత్సవమున వచ్చు సొమ్ములో కొంతభాగమును బీదపిల్లల ఛార్జీలకు ముందే తీసియుంచవలెనని పెద్దలను వేడుకొనుచున్నాము. అందఱును రాలేనిచో ఎవ్వరును పోకుండుటయే మేలు.

విద్యార్థులారా, మీరు పెద్దవారై వాహనములలో లోకమంతయు తిరుగవచ్చును. తిరుగుడు. కాని ఎచ్చటికి పోయినను చివరి మైలు నడచి పొండు. రాతిని కన్నులతో చదువుడు, ముల్లుతో వ్రాయకుడు. వెంట రాలేకపోయిన వానికి మీరు చూచినది వచ్చి చెప్పుడు.