చిన్న భుజాలపై పెద్ద బరువు

మంచం పట్టిన తండ్రికి వేళకు మాత్రలు అందించి, నానమ్మను లేవదీసి కూర్చోబెట్టి, తమ్ముడికి అన్నం పెట్టి, ఆ తరువాతే పుస్తకాల సంచీ అందుకునే పిల్లలు మన మొహల్లాల్లో ఉన్నారు. ‘బాధ్యత తెలిసిన బిడ్డ’ అని వారిని మెచ్చుకుంటాం. ఆ మెప్పు చాటున వారి అలసట మన కంటపడదు.

2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. తక్కిన పిల్లలు చదువుకూ ఆటలకూ దూరమయ్యారు. ఈ పిల్లలకైతే రోజులో దొరికే కాస్తంత ఊరట కూడా పోయింది. బడిలో గడిపే ఆ కొన్ని గంటలే వారు పిల్లలుగా ఉండగలిగిన సమయం. పైగా, వ్యాధిని తామే ఇంటికి మోసుకొస్తామేమోనన్న భయం. సాయానికి వచ్చే బంధువుల రాకపోకలూ ఆగిపోయాయి.

బ్రిటన్‌లో ఇటువంటి బాలల కోసం పనిచేసే కేరర్స్ ట్రస్ట్ సంస్థ 2020 జూలైలో వారి స్థితిగతులను సర్వే చేసింది. తమ మానసిక ఆరోగ్యం క్షీణించిందని 40 శాతం మంది, భవిష్యత్తును గురించిన దిగులు పెరిగిందని 67 శాతం మంది తెలిపారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి బాలలకు ఏ తోడ్పాటు అవసరమో స్థానిక ప్రభుత్వం పరిశీలించాలని 2015 నుంచి చట్టమే చెబుతోంది. అక్కడే పరిస్థితి అలా ఉంటే, ఇక్కడి పిల్లల సంగతి ఊహించుకోవచ్చు.

మన దేశంలో 2021 మేలో ప్రకటించిన ‘పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్’ పథకం కరోనా వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు ఉద్దేశించినది. అది అవసరమే. అయితే తండ్రి ప్రాణాలతో బయటపడి మంచానికే పరిమితమైతే, ఆయనకు సేవచేసే పన్నెండేళ్ల బిడ్డ ఆ పథకం పరిధిలోకి రాదు.

తల్లిదండ్రుల ఖిద్మత్ గొప్ప పుణ్యకార్యం. అందులో సందేహం లేదు. కాని రోగిని పరామర్శించడం, పొరుగువారి బాగోగులు చూడటం పెద్దలమైన మనపై ఉన్న బాధ్యతలు. పండ్లు ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి వచ్చేయడంతో ఆ బాధ్యత తీరిపోదు. ‘రేపు ఇక్కడ నేను కూర్చుంటాను, నువ్వు బడికి వెళ్ళమ్మా’ అని ఆ బిడ్డతో అనగలగాలి. ఇంట్లో అన్న ఉండగా చెల్లెలి చదువే ఎందుకు ఆగాలని కూడా అడగగలగాలి.

బడులు తెరుచుకుని ఏళ్ళు గడిచాయి. మన వీధిలో ఇంకా తిరిగి వెళ్ళని బిడ్డ ఎవరైనా ఉన్నారేమో, ఈ రోజే వెళ్ళి చూద్దాం.