జవాను మాట్లాడకూడదు, మనం వినాలి

 

ఈసారి కాస్త పొడవుగా రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. మన గ్రూపులో రోజూ కనబడే విషయమే కాబట్టి దాటేయకండి.

పొద్దున శుభోదయం మెసేజీల తర్వాత మన గ్రూపులో ఎక్కువగా వచ్చేవి మిలిటరీ వీడియోలు. యూనిఫాం వేసుకున్న ఒక కుర్రవాడు సినిమా పాటకు రీలు చేస్తాడు. ఇంకొకడు మంచులో నిలబడి ఏదో ఒక పార్టీని తిడతాడు. మరొకడు సెలవు మీద బయలుదేరుతూ రైలు పెట్టె ముందు ఫోటో దిగి పెడతాడు. కింద మనం సెల్యూట్ బొమ్మలు పెట్టి నాలుగు గ్రూపులకు పంపుతాం. అది అభిమానమే, కాదనం. కానీ ఈ అభిమానం ఆ పిల్లవాడికి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని ఎవరమూ ఆలోచించడం లేదు.

మేము చెప్పదలచుకున్నవి రెండు మాటలు. సైనికుడు ఉద్యోగం సంగతులు, రాజకీయం సంగతులు బయట మాట్లాడకూడదు. అది అతని డ్యూటీలో భాగం. అతను మాట్లాడకూడదు కాబట్టే అతని కష్టం వినే పని, దాన్ని సరైన చోటికి చేర్చే పని మన మీద పడుతుంది. మొదటి మాట అందరూ చెబుతారు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ తప్పుకుంటారు.

ముందు చట్టం సంగతి చూద్దాం. మనందరికీ మాట్లాడే హక్కు ఇచ్చిన రాజ్యాంగమే, 33వ అధికరణలో సైన్యంలో ఉన్నవాళ్లకు హక్కులు ఎంతవరకు ఉండాలో పార్లమెంటు నిర్ణయించవచ్చని చెప్పింది. 1950 నాటి ఆర్మీ చట్టంలో 21వ సెక్షన్ అందుకోసమే ఉంది. సంఘాల్లో చేరడం, రాజకీయ సభలకు వెళ్లడం, పత్రికలకు రాయడం, వీటి మీద కట్టుబాట్లు 1954 ఆర్మీ రూల్సులో 19, 20, 21 నంబర్లలో ఉన్నాయి. ఫేస్‌బుక్ వచ్చింది 2004లో. అంటే దానికి 50 ఏళ్ల ముందు నుంచే ఈ నియమం ఉంది. ఈ ప్రభుత్వమో ఆ ప్రభుత్వమో నిన్న మొన్న తెచ్చింది కాదు.

ఎందుకీ కట్టుబాటు అంటే, షోలాపూర్ వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1930 మే నెలలో గాంధీగారిని అరెస్టు చేశారని తెలిసి మన మిల్లు కార్మికులు, ఊరి జనం వీధుల్లోకి వచ్చారు. కాల్పులు జరిగాయి. ఊరు తెల్లవాళ్ల చేయి దాటిపోయింది. అప్పుడు మార్షల్ లా పెట్టి ఊరిని మిలిటరీ చేతిలో పెట్టారు. జెండా పట్టుకుంటే శిక్ష. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్, ఈ నలుగురినీ 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. చార్ హుతాత్మ విగ్రహాల ముందు నుంచి మనం ఎన్నోసార్లు వెళుతుంటాం. సైన్యం జనం నెత్తి మీద కూర్చుంటే ఎలా ఉంటుందో చూసిన ఊరు మనది.

స్వతంత్రం వచ్చాక మన సైన్యం ఎన్నికైన ప్రభుత్వం మాట విని పనిచేస్తోంది, తాను రాజకీయం మాట్లాడదు. పక్కనే పాకిస్తాన్‌లో 1958లో, 1977లో, 1999లో జనరళ్లు గద్దె ఎక్కారు. మనకు ఆ గతి పట్టకపోవడానికి సైన్యం పాటించే ఈ మౌనం కూడా ఒక కారణం. అందుకే యూనిఫాంలో ఉన్నవాడు ఒక పార్టీని తిట్టినా, ఇంకో పార్టీని పొగిడినా మనం చప్పట్లు కొట్టకూడదు. మనకు నచ్చిన పార్టీని పొగిడితే అసలే కొట్టకూడదు. మగ్గం తెలిసినవాళ్లం మనం. పడుగులో ఒక పోగు తెగితే వెంటనే ఆపి అతుకుతాం. చూసీ చూడనట్టు నేసుకుంటూ పోతే తర్వాత ఆ చాదర్‌ను బాగు చేయడం ఎవరివల్లా కాదు.

రెండో కారణం ప్రాణాలకు సంబంధించింది. 2019 డిసెంబర్‌లో విశాఖపట్నం కేసు గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, నౌకాదళం నిఘావాళ్లు కలిసి డాల్ఫిన్స్ నోస్ అనే పేరుతో కూపీ లాగి ఏడుగురు నౌకాదళం సిబ్బందిని పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో స్నేహం కలిపి, డబ్బు ఆశ చూపి, ఓడల రాకపోకల వివరాలు పాకిస్తాన్‌కు లాగారన్నది అభియోగం. ఆ నెలలోనే నౌకాదళం ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. 2020 జూలైలో సైన్యం కూడా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు ఫోన్లలో నుంచి తీసేయమని ఆదేశించింది. ఒక లెఫ్టినెంట్ కల్నల్ దీని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళితే ఆగస్టులో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఇలాంటి నియమాలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. ఈ రోజు ఏది చెల్లుతుందో జవానుకు అతని యూనిట్ చెప్పాలి. మన గ్రూపు చెప్పకూడదు.

మా వాడు రహస్యాలేమీ చెప్పడు, ఊరికే ఫోటో పెట్టాడు అని కొందరు అంటారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. మిలిటరీ స్పెషల్ ఎప్పుడు వస్తుంది, ఎటు పోతుంది అన్నది ఆ పనితో సంబంధం ఉన్నవాళ్లకు తప్ప పక్క టేబుల్ వాడికి కూడా తెలియనక్కర్లేదు. 2025 మే మొదట్లో రైల్వే బోర్డు తన వాళ్లను ఈ విషయంలోనే హెచ్చరించింది. మిలిటరీ రైళ్ల వివరాల కోసం పాకిస్తాన్ నిఘావాళ్లు ఫోన్ చేయవచ్చు, అధికారం లేనివాళ్లకు ఏమీ చెప్పవద్దు అని. అవతలివాడికి ఒక్కరే అన్నీ చెప్పనక్కర్లేదు. ఒక ఇంటి నుంచి పెట్టె ఫోటో, ఇంకో ఇంటి నుంచి స్టేషన్ పేరు, మూడో ఇంటి నుంచి ‘మా అబ్బాయి సెలవు రద్దయింది, రేపే వెళుతున్నాడు’ అనే స్టేటస్. ఈ మూడూ కలిపితే చాలు.

2008 నవంబర్‌లో ముంబయి దాడుల సమయంలో టీవీలు కమాండోల కదలికలు చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అవి చూసి లోపలి హంతకులకు ఫోన్లో చెప్పారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. అప్పుడు కెమెరాలు కొన్ని చానెళ్ల దగ్గరే ఉండేవి. ఇప్పుడు ప్రతి జేబులో ఒకటి ఉంది.

ఇక్కడిదాకా చదివి ‘సరే, జవాను నోరు మూసుకోవాలి, అంతేగా’ అనుకుని ఆపేయకండి. అసలు విషయం ఇక్కడి నుంచే.

2017 జనవరిలో బీఎస్‌ఎఫ్ జవాను తేజ్ బహదూర్ యాదవ్ ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టారు. మాడిన రొట్టె, నీళ్లలాంటి పప్పు చూపించారు. దేశమంతా చూసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన ఉద్యోగం పోయింది. 2019లో వారణాసిలో ప్రధాని మీద పోటీకి నామినేషన్ వేస్తే అదీ తిరస్కరించారు. ఆ వీడియోను ఫార్వర్డ్ చేసినవాళ్లు లక్షల మంది ఉంటారు. వాళ్లలో ఎవరి ఫార్వర్డూ ఆయన ఉద్యోగం తిరిగి తేలేదు. వారం తిరిగేసరికి మనం ఇంకో వీడియోకు వెళ్లిపోయాం.

కానీ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ గొడవ నడుస్తుండగానే అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్, జవాన్ల సలహాలకూ ఫిర్యాదులకూ పెట్టెలు పెట్టిస్తామని, సోషల్ మీడియాకు ఎక్కవద్దని చెప్పారు. కొత్తగా పెట్టెలు పెట్టాల్సి వచ్చిందంటే లోపలి దారి మీద జవాన్లకు నమ్మకం తగ్గిందనే కదా అర్థం. లోపల వినేవాడు ఉంటే ఎవడూ ఉద్యోగం పణంగా పెట్టి కెమెరా ముందుకు రాడు.

ఆ ఏడాది మార్చిలోనే మన మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర దేవ్‌లాలీ కంటోన్మెంట్‌లో కేరళకు చెందిన ఒక లాన్స్ నాయక్ చనిపోయి కనిపించారు. జవాన్ల చేత అధికారుల ఇంటి పనులు చేయించే సహాయక్ పద్ధతి మీద ఒక వార్తా సంస్థ రహస్యంగా తీసిన వీడియోలో ఆయన ఉన్నారు. ముఖం కనబడకుండా మసక చేశారు. అయినా అంతదాకా వచ్చింది. ఆ మరణంలో ఎవరి తప్పు ఎంత అని తేల్చడం మా పని కాదు. కానీ వీడియో తీసేవాడికి, పంపేవాడికి, చూసేవాడికి నష్టం లేదు. అందులో ఉన్నవాడికే అంతా పోయింది. ఇది మనం మరచిపోకూడదు.

కష్టం ఉన్న జవానుకు దారులు లేకపోలేదు. ఆర్మీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం అన్యాయం జరిగిన జవాను కంపెనీ కమాండర్ దగ్గర మొదలుపెట్టి పై అధికారి దాకా ఫిర్యాదు చేయవచ్చు. సైన్యం, నౌకాదళం, వాయుసేన వాళ్లకు 2009 నుంచి సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ హోం శాఖ కిందివి కాబట్టి వాళ్లు హైకోర్టుకు వెళ్లాలి. ఇంటి దగ్గర భూమి తగాదా, పింఛను కాగితం, భార్యా పిల్లల ఇబ్బంది ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. కానీ పొద్దస్తమానం బీడీలు చుట్టే తల్లి, టవల్ కార్ఖానాలో షిఫ్టు చేసే తండ్రి మరాఠీలో అర్జీ రాయించుకుని ఆఫీసుల చుట్టూ తిరగగలరా? కుంభారిలో, విడి ఘర్కుల్‌లో ఇలాంటి ఇళ్లే ఎక్కువ. సంఘం అవసరం అక్కడే ఉంది.

ఇప్పుడు భర్తీకి వెళ్లే మన పిల్లలు అగ్నివీరులు. 2022లో వచ్చిన ఈ పథకంలో ఉద్యోగం నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి 25 మంది వరకే పర్మనెంట్. మిగతావాళ్లకు పింఛను లేదు. నాలుగేళ్లలో క్రమశిక్షణ ఎలా ఉందన్నది ఆ 25 మందిలో ఉంటాడా లేడా అన్నదానికి ముడిపడి ఉంటుంది. మనం ‘ఇంకో రీలు పెట్టరా తమ్ముడూ’ అని ఉబ్బించడం వల్ల ఒక ఇంటి అన్నం పోవచ్చు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చిన మురళీ నాయక్ కూడా అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా తండా బిడ్డ. ముంబయిలో కూలి చేసుకుని బతికిన తల్లిదండ్రుల కొడుకు. మనలాగే పొట్ట చేతబట్టుకుని మహారాష్ట్రకు వచ్చిన తెలుగువాళ్లు వాళ్లు. ఆ కుటుంబాన్ని తలచుకుంటే, లైకుల లెక్క ఎంత చిన్నదో తెలుస్తుంది.

అసలు సైనికుడు మాట్లాడాల్సి వస్తే ఎలా మాట్లాడాలో కూడా ఆ నెలలోనే చూశాం. 2025 మే 7న కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ విదేశాంగ కార్యదర్శితో కూర్చుని ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి చెప్పారు. ఎక్కడ కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు. అంతవరకే. చెప్పమన్నప్పుడు, చెప్పమన్నంత. ఆ రాత్రి మన గ్రూపుల్లో మాత్రం పాత వీడియోలు, వీడియో గేముల బొమ్మలు యుద్ధమని తిరిగాయి.

ఇక మన సంఘం చేయవలసినవి. వచ్చే సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాం.

మన జవాను పిల్లల యూనిట్ పేరు, ఉన్న ఊరు, సెలవు తేదీ, రైలు వివరాలు గ్రూపులో పెట్టకూడదు. ఎవరైనా పెడితే అడ్మిన్ వెంటనే తీసేయాలి, పెట్టినవాళ్లను తిట్టకుండా విడిగా చెప్పాలి. యూనిఫాంలో ఉన్నవాళ్లు రాజకీయం, కులం, మతం మాట్లాడే వీడియోలు ఎవరివైనా ఫార్వర్డ్ చేయకూడదు. అందులో సగం మంది అసలు సైనికులో కాదో కూడా మనకు తెలియదు.

నారళీ పౌర్ణిమ రథోత్సవానికి మనం కట్టే ఫ్లెక్సుల మీద నాయకుల ఫోటోల పక్కన సర్వీసులో ఉన్న జవాన్ల ఫోటోలు వేయడం మానాలి. 2019 మార్చిలో ఎన్నికల సంఘం పార్టీలకే చెప్పింది, ప్రచారంలో సైనికుల ఫోటోలు వాడవద్దని. మనం పార్టీ కాకపోయినా ఆ మర్యాద మనకూ వర్తిస్తుంది. రిటైరైన ఫౌజీ అన్నలు రాజకీయం మాట్లాడవచ్చు, అది వాళ్ల హక్కు. పాత యూనిఫాం వేసుకుని మాత్రం వద్దు.

ఇవన్నీ వద్దు అనేవే. చేయాల్సింది ఒకటుంది. సంఘంలో ఇద్దరిని జవాన్ల ఇళ్ల కోసం పెట్టాలి. మరాఠీ, హిందీ రాయగలిగినవాళ్లు ఒకరు, ఆఫీసులు తెలిసినవాళ్లు ఒకరు. రిటైరైన మాబోటివాళ్లకు పొద్దు పోక కష్టంగా ఉంది, పని లేక కాదు. నెలకోసారి ఆ ఇళ్లకు వెళ్లి ‘పిల్లవాడు ఏమంటున్నాడమ్మా, కాగితాలు ఏవైనా ఆగాయా’ అని అడగాలి. విన్నది గ్రూపులో పెట్టకూడదు. వెళ్లవలసిన ఆఫీసుకు తీసుకువెళ్లాలి.

యూనిఫాంలో కొడుకు ఫోటో చూసుకుంటే ఏ తల్లికైనా కడుపు నిండుతుంది. ఆ సంతోషం మేము కాదనడం లేదు. ఫోటో పెద్దది చేయించి ఇంట్లో గోడకు పెట్టుకోండి అక్కా. మేమే ఇంటికి వచ్చి చూస్తాం, మీ చేతి చాయ్ తాగి వస్తాం. స్టేటస్‌లో మాత్రం వద్దు.

మీ అభిప్రాయాలు రాయండి. ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి. జవానుకు లేని ఆ హక్కు మనకు ఉంది.