డబ్బా మార్చకండి, చోటు మార్చండి

ముప్పై ఏళ్లుగా విజయనగరంలో వీణ నేర్పుతున్నాను. నిరుడు దసరాకి మా అబ్బాయి స్పీకర్ల జత కొనిపెట్టాడు. పద్దెనిమిది వేలు. హాల్లో గోడ పొడుగునా ఉన్న షోకేసు మీద, ఆ మూల ఒకటీ ఈ మూల ఒకటీ పెట్టాం. మృదంగం గదంతా ధుమధుమలాడింది. వీణ మాత్రం నూతిలోంచి వినిపించినట్టుంది. కొట్టుకి వెళ్లి చెబితే, ఎక్కడ పెట్టారు, గది ఎంత, కింద పరిచినవి టైల్సేనా అని అమ్మినతను ఒక్క ముక్క అడగలేదు. ‘‘సబ్‌వూఫర్ కూడా తీసుకోండమ్మా, పద్నాలుగు వేలే’’ అన్నాడు.

తీసుకోలేదు. ఇంటికొచ్చి స్పీకరు పెట్టెని వేలి మెటికతో కొట్టి చూశాను. వీణ కుండని తట్టి చూసే చెయ్యి కదా. మా బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచినది, దాని కుండ పలకాలి. స్పీకరు పెట్టె పలకకూడదు. లోపలి కోను చెప్పేదే మనకి చేరాలి గాని చెక్క తన గొంతు కలపకూడదు. మా పెట్టె టక్కుమని ఊరుకుంది. దాని కింది షోకేసుని కొడితే భుంయ్‌మంది, అద్దాలు గలగలమన్నాయి. పద్నాలుగు వేలు పోసినా ఆ అద్దాలు ఊరుకునేవి కావు.

రెండు చెక్క స్టూళ్లు తెచ్చి, వాటి మీద పాత హవాయి చెప్పు ముక్కలు నాలుగేసి చొప్పున వేసి, పెట్టెల్ని వాటి మీద కూర్చోబెట్టాను. కూర్చుంటే నా చెవి ఎంత ఎత్తున ఉంటుందో, పెట్టెలోని చిన్న స్పీకరు అంత ఎత్తుకి వచ్చింది. గోడకి మూరెడు ఇవతలకి జరిపాను. సన్నటి స్వరాలు ముందుకే పోతాయి గాని, మంద్ర స్వరాలు పెట్టె వెనక్కీ పక్కలకీ పాకి గోడల మీంచి తిరిగొస్తాయి. మూలలో పెడితే రెండు గోడలూ కలిసి వాటిని ఉబ్బిస్తాయి.

అయినా ఒక్క తీగ దగ్గర గది ఉబ్బుతూనే ఉంది. అది అనుమంద్రం, వీణలో అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ. లెక్క వేసి చూశాను. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. పదడుగుల ఎడం ఉన్న మా రెండు గోడల మధ్య సెకనుకి 56 కంపనాల దగ్గర అది నిలబడిపోతుంది. రెండు శ్రుతిలో నా వీణ అనుమంద్రం పలికేది 55! గదిని కూల్చలేం కదా. ఎదుటి గోడకి ఆనించిన నా కుర్చీని మూరెడు ముందుకి లాగాను. గోడ పక్కనే ఆ ఉబ్బు అన్నిటికన్నా ఎక్కువ. టైల్స్ మీద జంపఖానా పరిచాను, వెనక గోడకి బొంత వేలాడదీశాను. అంతకుముందు చప్పట్లు కొడితే టింగుమనేది, ఇప్పుడు లేదు.

మా శిష్యురాలి ఇంట్లో చిక్కు వేరు. అక్కడ మృదంగమే వినిపించదు, పాడేవాళ్లు ఎటు ఉన్నారో తెలియదు. వాళ్లకీ కొత్తవి కొనుక్కోమనే చెప్పారట. చూస్తే ఒక పెట్టెకి ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. ఒక కోను ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఆంప్లిఫయర్ ఆపి తీగలు మార్చాం. అయిదు నిమిషాల పని. వాళ్ల నాన్నగారు పక్కగదిలోంచి లేచి వచ్చారు, మృదంగం ఎవరిదని అడుగుతూ.

జనం వేలు పోసి ఇంటికి కొన్న వస్తువుని సగం కూడా వినకుండానే ఇంకోటి కొంటున్నారు. ఇది నాకు బాధ. అమ్మేవాళ్లకి ఈ నాలుగు మాటలు చెప్పే బాధ్యత ఉంది. డబ్బాలో వచ్చే పుస్తకంలో చీమతలకాయలంత అక్షరాల్లో ఇంగ్లీషు ఉంటుంది, తెలుగు ఒక్క వాక్యం ఉండదు. రైస్ కుక్కరు కొంటే నీళ్లెన్ని పొయ్యాలో చెప్పి పంపేవాళ్లు ఇది చెప్పలేరా?

అర ఠావు మీద పెద్ద అక్షరాలతో ఆ మాటలు నేనే రాశాను, యాభై కాపీలు తీయించాను. ఆదివారం అదే కొట్టుకి వెళ్లి బల్ల మీద పెట్టమంటాను. మొదటి వరుస: ‘‘ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.’’