అరువు మాటల లెక్క

పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగి చూడడం తప్పని ప్రతి ఇంటా పిల్లలకు చెబుతాము. అదే పిల్లవాడు ఇంట్లో కూర్చుని నాలుగుచోట్ల నుంచి నాలుగు పేరాలు ఎత్తి వ్యాసమని పట్టుకువెళితే, "మావాడు ప్రాజెక్టు బాగా చేశాడండీ" అని మురిసిపోతాము. ఒక్కొక్కప్పుడు ఆ పేరాలు వెదికిపెట్టేదీ మనమే. పిల్లలు పైచదువులకు వెళ్ళేసరికి ఆ అలవాటే గ్రంథచౌర్యమనే పేరుతో ఎదురవుతుంది.

ఈ చర్చ మన దేశానికి కొత్త కాదు. వెయ్యేళ్ళకు పూర్వమే రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమనీ, అర్థహరణమనీ వేరుచేసి విచారించాడు. ఒకరి మాట తీసుకోవడం ఒకటి, ఒకరి భావం తీసుకోవడం మరొకటి. ఈనాటి కంప్యూటర్లు ముఖ్యంగా పట్టేది మొదటిదాన్నే. వ్యాసాన్ని చిన్న చిన్న పదాల వరుసలుగా విడగొట్టి, తమ దగ్గర పోగుచేసుకున్న వ్యాసాలతోనూ గ్రంథాలతోనూ పోల్చి, నూటికి ఇంత పాలు కలిసిందని లెక్క చెబుతాయి.

ఆ లెక్కకు 2018లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం వారు నిబంధనలు పెట్టారు. విద్యార్థి సమర్పించే సిద్ధాంత గ్రంథంలో పోలిక నూటికి 10 వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే సరిదిద్దిన ప్రతి ఇవ్వడానికి ఏడాది ఆగాలి. 60 దాటితే ఆ చదువుకు పేరు నమోదే రద్దు. పేరు చెప్పి ఉదహరించిన భాగాలు, గ్రంథసూచి, చట్టాలు, సూత్రాలు ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు కాకతాళీయంగా వరుసగా 14 పదాల వరకు కలిసినా దోషం కాదు.

నిబంధన మంచిదే. కాని అంకె చూసి తీర్పు చెప్పేయవచ్చునా? మన బెంగుళూరులోనే జరిగిన ఒక సంగతి చూడండి. 2011లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ అనే విదేశీ పత్రికలో ఇక్కడి శాస్త్రజ్ఞుల వ్యాసం ఒకటి వచ్చింది. ప్రొఫెసర్ సి.ఎన్.ఆర్. రావు గారు అందులో సహరచయిత. ఉపోద్ఘాతంలోని కొన్ని వాక్యాలు అంతకుముందు వచ్చిన మరొకరి వ్యాసంలోనివేనని తేలి, ఆ ఏడాదే అదే పత్రికలో క్షమాపణ అచ్చయింది. ఆ భాగం రాసినది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధక విద్యార్థి అని అప్పట్లో వార్తలు వచ్చాయి. ప్రయోగాలు వారివే, ఫలితాలు వారివే. ఆ నాలుగు వాక్యాలు వ్యాసం మొత్తంలో ఏపాటి? అయినా క్షమాపణ తప్పలేదు. అంకె చిన్నదైనంత మాత్రాన తప్పు లేనట్టు కాదన్నమాట. పెద్దదైనంత మాత్రాన దొంగతనమని చెప్పడానికీ లేదు.

ఇప్పుడు మరో చిక్కు వచ్చింది. యంత్రం చేతనే వ్యాసం రాయించుకునే రోజులివి. దాన్ని పట్టుకుంటామని ఓపెన్ఏఐ వారు తెచ్చిన పరికరాన్ని, సరిగా పనిచేయడం లేదని 2023 జూలైలో వారే ఉపసంహరించుకున్నారు. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి పరికరాలు ఏడింటిని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు స్వయంగా రాసిన 91 వ్యాసాలిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి చెప్పాయి. తేలిక మాటలతో ఇంగ్లీషు రాసే మన పిల్లలు చేయని తప్పుకు దొరికిపోయే ప్రమాదం ఉందని దీన్నిబట్టి తెలుస్తున్నది.

మరి దోషిని పట్టేదెలా? పూర్వం నుంచీ మేష్టర్లు ఎరిగిన పద్ధతే ఇప్పటికీ మేలు. ఒక పేరాలో తడబడిన భాష పక్క పేరాలో పండితభాష అయిపోతే అనుమానించాలి. ఆపైన విద్యార్థిని కూర్చోబెట్టుకుని, "నాయనా, ఈ మాటకు అర్థమేమిటి? ఇది ఎక్కడ చదివావు?" అని అడగాలి. రాసినవాడు తడుముకుంటూనైనా చెబుతాడు. ఎత్తి రాసినవాడు ఆ కాగితమే చూస్తాడు. తరగతిలో అరవైమంది ఉన్నప్పుడు దీనికి తీరిక ఎక్కడిదని మేష్టర్లు అడగవచ్చు. నిజమే, కాని ఒకరి చదువు ఆగిపోయే తీర్పు చెప్పేముందు ఆ ఒక్కరికైనా పది నిమిషాలు ఇవ్వడం న్యాయం.

ఇంట్లో మనం చేయవలసినదీ కొంత ఉంది. పిల్లలు రాసిన చిత్తుప్రతులు పారేయకుండా దాచమని చెప్పండి. రేపు ఎవరైనా అనుమానిస్తే అవే సాక్ష్యం. చదివిన పుస్తకం పేరు, పుట సంఖ్య ఎప్పటికప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. ప్రాజెక్టు మాత్రం వారినే రాయనివ్వండి. మార్కులు రెండు తగ్గితే తగ్గనివ్వండి.