నచ్చిన పార్ట్‌టైమా, నిలకడైన ఉద్యోగమా?



పేరెంట్స్ మీటింగ్‌కి మీరు వచ్చేది మా క్లాసులో ఉన్న చిన్నపిల్లల మార్కుల కోసమే. అయినా చాలాసార్లు మాట ఇంట్లో ఉన్న పెద్దపిల్లల మీదికి మళ్లుతుంది. "మా పెద్దవాడి డిగ్రీ అయిపోయింది మేడమ్. కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అది వద్దు, పెళ్లిళ్లకి ఫొటోలు తీసుకుంటా అంటున్నాడు. మీకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, మీరైనా నచ్చజెప్పండి" అంటారు. ఒకరింట్లో ఫొటోగ్రఫీ, మరొకరింట్లో డాన్స్ క్లాసులు, ఇంకొకరింట్లో క్రికెట్ కోచింగ్. ప్రశ్న మాత్రం ఒకటే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చదువు అయిన మొదటి కొన్నేళ్లు నిలకడైన ఉద్యోగమే మేలు. అయితే అది నచ్చిన పనికి కాస్త సమయం మిగిల్చేదై ఉండాలి. నచ్చిన పనిని "టైమ్‌పాస్" అని కొట్టిపారేయడం ఎంత తప్పో, లెక్క చూడకుండా "నీ ఇష్టం" అనేయడమూ అంతే తప్పు.

ముందు లెక్క చూద్దాం. పెళ్లి ఫొటోగ్రఫీలో సీజన్ నెలల్లో 25 వేలు వస్తాయనుకుందాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మూఢం వస్తే అన్నీ ఆగిపోతాయి. ఏడాదికి ఏడు నెలలు పని దొరికితే మొత్తం 1,75,000. నెలకు సర్దితే 15 వేలకు కాస్త తక్కువ. కెమెరా ఈఎంఐ ఇందులోంచే కట్టాలి. నెలకు 18 వేల ఉద్యోగమైతే ఏడాదికి 2,16,000. అంటే తేడా 41 వేలు. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే మన 12 శాతానికి తోడు యాజమాన్యం కూడా అంతే వేస్తుంది. జీతం 21 వేల లోపు ఉండి, సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే వైద్యమూ దొరుకుతుంది. బ్యాంకు లోన్‌కి వెళ్తే ముందు అడిగేది శాలరీ స్లిప్.

ఈ లెక్క పిల్లల్ని భయపెట్టడానికి కాదు. "ఏడాదికి 41 వేల లోటును మన ఇల్లు తట్టుకోగలదా? ఎన్నేళ్లు?" అని నిజాయితీగా అడగడానికి. ఒక ఇంట్లో జవాబు "రెండేళ్లు తట్టుకుంటాం" కావచ్చు. చెల్లి ఫీజు, నాన్న మందులు ఉన్న ఇంట్లో "ఆర్నెల్లు కూడా కష్టం" కావచ్చు. రెండూ సరైన జవాబులే.

సర్ సి.వి. రామన్ పేరు పిల్లలందరికీ తెలుసు. చిన్నతనంలో విశాఖపట్నంలోనే చదువుకున్నారు. కానీ ఆయన పదేళ్లు ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం చేశారన్నది చాలామందికి తెలియదు. 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. ఆఫీసుకు ముందు, ఆఫీసు అయ్యాక, అక్కడి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ల్యాబ్‌లో పరిశోధన చేసేవారు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పదవి ఇచ్చినప్పుడు, జీతం తక్కువైనా ఆ ఉద్యోగం వదిలేశారు. 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్ బహుమతి.

అందరూ రామన్‌లు కాలేరు, నిజమే. నేను చెప్పేది ఆ వరస గురించి. ఇష్టాన్ని పదేళ్లు చల్లారనివ్వలేదు. ఇల్లు గడిచే దారినీ వదల్లేదు. నచ్చిన పనే ఉద్యోగంగా ఎదురొచ్చిన రోజున మాత్రం వెనకాడలేదు. ఉద్యోగం అంటిపెట్టుకుని ఉండటం ఎంత ముఖ్యమో, సమయం వచ్చినప్పుడు వదలగలగడమూ అంతే ముఖ్యం.

నా సంగతీ చెప్తాను. నాకు పిల్లలతో నాటకాలు వేయించడం ఇష్టం. బీఈడీ అయ్యాక వారానికి మూడు రోజులు ఆ పనే చేసే అవకాశం వచ్చింది. ఇంటి అద్దె, తమ్ముడి చదువు చూసుకుని ఫుల్‌టైమ్ టీచర్‌గా చేరాను. ఇప్పుడు ఆదివారం రెండు గంటలు మా వీధి పిల్లలతో నాటకం చేయిస్తాను. పేపర్లు దిద్దే వారం అదీ కుదరదు. ఆ వెలితి లేదని చెప్పను. కానీ నెల మొదటి తారీఖున ఇంట్లో ఎవరి ముఖంలోనూ కంగారు ఉండదు. దాని విలువ నాకు తెలుసు.

అందుకే మీకు మూడు విన్నపాలు.

ఒకటి, వాదనకు ముందు కాగితం, పెన్ను తీయండి. పిల్లల చేతే లెక్క రాయించండి. మన నోటితో చెప్పిన అంకె కంటే వాళ్లు రాసుకున్న అంకె ఎక్కువ పని చేస్తుంది.

రెండు, ఉద్యోగం వస్తే జీతం ఒక్కటే కాదు, ఇంటికి ఎన్నింటికి వస్తారో కూడా అడగండి. రాత్రి పదింటికి ఇల్లు చేరే ఉద్యోగంలో రెండు వేలు ఎక్కువొచ్చినా, ఆ కెమెరా బీరువాలోంచి బయటికి రాదు.

మూడు, పార్ట్‌టైమే అని నిర్ణయిస్తే గడువు పెట్టండి. ఫలానా తేదీకి ఆదాయం ఎంత పెరిగింది, పని ఎంత నేర్చుకున్నారు అని కూర్చుని చూసుకోండి. పెరుగుతుంటే కొనసాగనివ్వండి. ఆ గడువు లోపల మాత్రం రోజూ దెప్పకండి.

ఈ మాటలన్నీ పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న మా తొమ్మిదో తరగతి విద్యార్థి వింటూనే ఉంటాడు. అన్నతో మీరు ఎలా మాట్లాడారన్నది చూశాకే, తనకు ఏది ఇష్టమో మీకు చెప్పాలా వద్దా అని తేల్చుకుంటాడు.

– ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం