కన్‌ఫ్లుయెన్స్ అంటే ఏంటే?

సంక్రాంతికి అందరం వత్సవాయిలో కలవాలని మా తమ్ముడు ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. తమ్ముడంటే బాబాయి కొడుకు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్. గ్రూప్ పేరు 'కన్‌ఫ్లుయెన్స్'. ఒక్క గంటలో పద్దెనిమిది మంది చేరారు. మా నాన్న చేరాడు. బాబాయిని కూడా యాడ్ చేశాడు కానీ ఆయన చూడటమే తప్ప ఒక్క మాట రాయలేదు.

ఆ రాత్రి నాయనమ్మ వీడియో కాల్ చేసింది. ఎప్పటిలాగే ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుంది, నాకు చెవి, చెవికి ఉన్న దుద్దు మాత్రమే కనిపిస్తున్నాయి. "అదేందో పేరు పెట్టాడంట కదే మీ తమ్ముడు. అంటే ఏంటే?" అంది.

"కలవటం నాయనమ్మా" అన్నాను.

"కలవటానికి అంత పొడుగు పేరా?"

నిజమే. కలవటానికి ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. మీట్, గ్యాదరింగ్, రీయూనియన్, గెట్ టుగెదర్. మావాడు దీన్నే ఎందుకు తీసుకున్నాడని అడిగితే "మా ఆఫీసులో డాక్యుమెంట్లన్నీ అందులోనే ఉంటాయక్కా, రోజూ నోట్లో ఆడే మాట" అన్నాడు. మీలో ఐటీలో ఉన్నవాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది. అట్లాసియన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పేరది. టీమ్‌లో అందరి రాతలూ ఒకచోటికి వచ్చి పడతాయి కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారు. కాలేజీ ఫెస్టులకి కూడా ఈ పేరు బాగా పెడుతున్నారు. అయితే ఇది మనుషుల మాట కాదు. నీళ్ళ మాట.

లాటిన్‌లో 'కాన్' అంటే కలిసి. 'ఫ్లుయెరె' అంటే పారటం. కలిసి పారటమే కన్‌ఫ్లుయెన్స్. రెండు ఏర్లు ఒకటయ్యే చోటు. దాదాపు 600 ఏళ్ళుగా ఇంగ్లీషులో వాడుతున్నారు. అంతకంటే ముందే ఈ మాట ఒక ఊరికి పేరై కూర్చుంది. జర్మనీలో రైన్ నది, మోసెల్ నది కలిసే చోట రోమన్లు ఒక కోట కట్టుకుని ఆ తావుని 'కన్‌ఫ్లుయెంటెస్' అన్నారు. అది జనం నోట్లో నలిగి నలిగి ఇప్పుడు కోబ్లెంజ్ అయింది. మన దగ్గర కూడలి, సంగమం అని ఊళ్ళకి పేర్లు పెట్టుకున్నట్టే.

ఈ 'ఫ్లుయెరె' పిల్లలు ఇంగ్లీషు నిండా ఉన్నారు. మాట గలగలా పారితే ఫ్లుయెంట్. పారేది ఏదైనా ఫ్లుయిడ్. డబ్బు పారుతూ వచ్చి పడుతుంటే అఫ్లుయెంట్. ఇదే మాటకి ఉపనది అనే అర్థం కూడా ఉంది. నక్షత్రాల నుంచి ఏదో శక్తి మనుషుల్లోకి పారి వాళ్ళ బతుకుల్ని నడుపుతుందని పాతకాలం యూరప్‌లో నమ్మేవాళ్ళు. దాన్నే ఇన్‌ఫ్లుయెన్స్ అన్నారు. ఇటలీ వాళ్ళు అదే మాటని ఒక జ్వరానికి పెట్టారు, ఇన్‌ఫ్లుయెంజా. అందులో ముక్కే మనం నోటితో అనే ఫ్లూ. అంటే మీ ఇన్‌స్టాలో రీల్స్ చేసే ఇన్‌ఫ్లుయెన్సరూ, మీకు వచ్చే జలుబు జ్వరమూ ఒకే ఇంటి పేరు వాళ్ళు. ఇది మాత్రం నేను కల్పించింది కాదు.

ఇక్కడ నేను చాలాకాలం ఒక పొరపాటులో ఉన్నాను. 'ఫ్లో' కూడా ఈ ఇంటి పిల్లే అనుకునేదాన్ని. అర్థం పారటమే కదా, వినటానికీ ఒకేలా ఉంది. కానే కాదు. ఫ్లో అనేది ఇంగ్లీషుకి లాటిన్ నుంచి రాలేదు, సొంత జర్మానిక్ వేరు నుంచి వచ్చింది. దాని అసలు చుట్టం ఎక్కడుందో చెబితే నవ్వుతారు. మన పంచాంగంలో ఉంది. ఇండో-యూరోపియన్ భాషల్లో సంస్కృతం 'ప' అన్నచోట ఇంగ్లీషు 'ఫ' అంటుంది. పాదం, ఫుట్. పితృ, ఫాదర్. పంచ, ఫైవ్. అలాగే సంస్కృతంలో 'ప్లు' అనే ధాతువు. తేలటం, ఈదటం. అందులోంచి ప్లవం అంటే తెప్ప, పడవ. 2021 ఉగాదికి వచ్చింది ప్లవ నామ సంవత్సరమే. ఇంగ్లీషు వైపు ఫ్లో, ఫ్లోట్, ఫ్లడ్ అన్నీ ఆ ధాతువు చుట్టాలే. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఫిజిక్స్‌లో 'ఉత్ప్లవన బలం' గుర్తుందా? నీళ్ళలో వస్తువుని పైకి తోసే బలం. పరీక్షలో ఆ ఒత్తులు రాయలేక చచ్చేవాళ్ళం. అందులో ఉన్న 'ప్లవ', వార్తల్లో వినే 'ఫ్లడ్' ఒక వేరువే.

మరి మన సంగమానికి ఇంగ్లీషులో చుట్టం ఎవరు? సం అంటే కలిసి, గమ్ అంటే వెళ్ళటం, రావటం. ఆ గమ్‌కి ఇంగ్లీషులో తోబుట్టువు 'కమ్'. లాటిన్‌లో అదే 'వెనీరె' అయింది. దానికి 'కాన్' తగిలిస్తే కన్వెన్షన్. అంటే సంగమం అనే మాటని ముక్క ముక్కగా విడదీసి లాటిన్‌లో పెడితే వచ్చేది కన్‌ఫ్లుయెన్స్ కాదు, కన్వెన్షన్! హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళు చేసే కన్వెన్షన్ హాల్ ఉంది చూశారా, దాన్ని 'సంగమ మంటపం' అంటే భాషాపరంగా తప్పేం లేదు. పైగా పెళ్ళికి బాగానే ఉంటుంది.

ఇవన్నీ సంస్కృతం, లాటిన్ సంగతులు. మన తెలుగు మాట కూడటం. కూడలి. ఇప్పుడు కూడలి అంటే ట్రాఫిక్ సిగ్నలే గుర్తొస్తుంది గానీ నదులు కలిసే చోటుకి కూడా పాతమాటే. తమిళంలో కూడల్, కన్నడంలో కూడల. కర్ణాటకలో కృష్ణ, మలప్రభ కలిసే ఊరు కూడలసంగమ, బసవన్న క్షేత్రం. ఆ పేరులో ముందు ద్రావిడ మాట, వెనక సంస్కృత మాట, రెంటికీ అర్థం ఒకటే. కలయిక కలయిక అని రెండుసార్లు అన్నట్టు. మన దగ్గర కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. దగ్గర్లోనే నంద్యాల జిల్లా వైపు ఉన్న సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళ అడుగునే ఉంటుంది, ఎండాకాలం రిజర్వాయర్ తగ్గితే బయటపడుతుంది. కలిసే చోటు మునిగే చోటు కూడా. కోబ్లెంజ్ కూడా అంతే. 1993 డిసెంబరులో రైన్, మోసెల్ పొంగి ఆ ఊళ్ళోకి వచ్చేశాయి.

ఇదంతా నాయనమ్మకి చెప్పలేదు లెండి. "రెండు ఏర్లు కలిసే చోటుని అట్లా అంటారు. మన మునేరు పోయి కృష్ణలో కలవదూ, అట్లా" అన్నాను.

చెవి పక్కకి జరిగి మొహం కనబడింది. "మునేరు కృష్ణలో కలిసేది నువ్వు ఎప్పుడన్నా చూశావా?" అంది.

చూడలేదు. మా ఊరి పేరు చెబితే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. జగ్గయ్యపేట నుంచి పైకి వస్తే ఖమ్మం జిల్లా సరిహద్దులో ఉంటుంది వత్సవాయి. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. మాట సగం అటు, సగం ఇటు. పక్కనే మోటమర్రి, కాజీపేట-విజయవాడ లైన్ నుంచి జగ్గయ్యపేట లైన్ విడిపోయే స్టేషన్. దాన్ని జంక్షన్ అంటారు. ఆ మాటకి అర్థం కలపటం, మన యోగం, యుగం అన్న మాటలకి చుట్టం. మా వాళ్ళు మాత్రం "లైను చీలే చోటు" అంటారు. హైదరాబాద్ వెళ్ళేవాడికి చీలేది, ఇంటికొచ్చేవాడికి కలిసేది.

మునేరు వరంగల్ వైపు నుంచి ఖమ్మం మీదుగా మా మండలంలోకి వస్తుంది. పోలంపల్లి దగ్గర దాని మీద బ్రిటిష్ కాలం నాటి ఆనకట్ట. ఇంగ్లీషు ఇంజనీర్లు 'యానికట్' అని రాసుకున్నారు. అది తమిళం 'అణైకట్టు' నుంచి వాళ్ళు ఎత్తుకున్న మాట. ఆ దిగువన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి పక్కగా పోయి, వైరా ఏటిని కలుపుకుని, నందిగామకి దిగువన కృష్ణలో పడుతుంది. నేను చూసింది పెనుగంచిప్రోలు తిరణాల దాకానే.

నాయనమ్మ పుట్టిల్లు ఆ దిగువ ఊళ్ళల్లో. అందుకే ఆమెకి తెలుసు. "కృష్ణ తక్కువగా ఉన్నప్పుడు మునేరు చల్లగా లోపలికి పోద్ది. కృష్ణ నిండుగా ఉందనుకో, చిన్నేటికి చోటేదే? లోపలికి పోలేదు, ఆగిపోద్ది. వెనక నుంచి నీళ్ళొస్తానే ఉంటాయి. అప్పుడు ఎగదన్నుద్ది. మునిగేది ఎవరి పొలం? కృష్ణ ఒడ్డునోళ్ళదొక్కటే కాదు, మునేరు ఒడ్డునోళ్ళదీ."

ఎగదన్నటం. ఇంజనీర్లు బ్యాక్ వాటర్ అనేది దీన్నే. పెద్ద నది మట్టం పెరిగితే ఉపనదికి వాలు తగ్గిపోతుంది, వేగం తగ్గుతుంది, నీళ్ళు వెనక్కి నిలబడి గట్లు దాటుతాయి. 'కలిసి పారటం' అని లాటిన్ వాళ్ళు ఎంత తేలిగ్గా అనేశారు! ఇద్దరూ సమానంగా వచ్చి చేతులు కలిపినట్టు. ఎవరు నిండుగా ఉన్నారు, ఎవరు బయట ఆగారు అనేది ఆ మాటలో లేదు.

నాయనమ్మ ఏరు గురించి మాట్లాడటం లేదని నాకు అప్పుడు తట్టింది.

2024 సెప్టెంబరు మొదటి రెండు రోజులు గుర్తున్నాయా? విజయవాడ మునిగింది, ఖమ్మం మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరదని కూడా దాటేసింది. ఆ వరదలోనే మునేరు మా బాబాయి చేలో ఇసుక మేట వేసి పోయింది. పత్తి కనబడలేదు, గట్టు కనబడలేదు. తాతయ్య పోయాక అన్నదమ్ములు చీట్లు వేసుకుని పంచుకున్నారు. నాన్నకి మెట్ట వచ్చింది, బాబాయికి ఏటి పక్క చేను. అప్పుడు అందరూ బాబాయిదే అదృష్టం అన్నారు, నీళ్ళున్న నేల కదా. వరద తీశాక నాన్న అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళకపోగా ఎవరో అడిగితే "వాటాలైపోయాక ఎవరి రాత వాళ్ళది" అన్నాడట. ఆ మాట సాయంత్రానికల్లా బాబాయి ఇంటికి చేరింది. మా ఊళ్ళో మాట చేరటానికి వాట్సాప్ అక్కర్లేదు.

అప్పటి నుంచి పండక్కి బాబాయి రాడు. పిన్ని వస్తుంది, అరిసెలు పెట్టి అరగంటలో వెళ్ళిపోతుంది. ప్రతిసారీ నాన్న "పెద్దోణ్ణి, నా ఇంటికి రావటానికి వాడికేంటి బాధ? తలుపు తీసే ఉందిగా" అంటాడు. ఈసారి గ్రూప్‌లో కూడా మొదటి మెసేజ్ ఆయనదే. "అందరూ మన ఇంటికే రండి. భోజనాలు నేను చూసుకుంటా." కింద పదిహేను నమస్కారాల ఎమోజీలు. బాబాయి చూశాడు, అంతే.

నేను నాన్నకి ఫోన్ చేసి కన్‌ఫ్లుయెన్స్ కథంతా చెప్పాను. రైన్, మోసెల్, ఇన్‌ఫ్లుయెంజా అన్నీ. సగం విని "బాగుందమ్మా" అన్నాడు. ఏ తండ్రయినా అంతే అంటాడు. తర్వాత నాయనమ్మ మాట చెప్పాను. కృష్ణ నిండుగా ఉంటే మునేరు లోపలికి పోలేదని. కాసేపు ఏం మాట్లాడలేదు. "మీ నాయనమ్మ ఈ మాట నాతో ఎందుకు అనలేదు?" అన్నాడు.

"నువ్వు అడగలేదుగా నాన్నా."

ఫోన్ పెట్టేశాడు. కోపం వచ్చిందనే అనుకున్నాను.

శనివారం రాత్రి పదింటికి గ్రూప్‌లో నాన్న నుంచి మెసేజ్ వచ్చింది. ఎమోజీ లేదు, ఫార్వర్డ్ కాదు. "తమ్ముడూ, రేపు పొద్దున నీ చేను చూడటానికి వస్తున్నా."

నీలం టిక్కులు పడ్డాయి. పద్దెనిమిది మందిమీ చూశాం, ఒక్కళ్ళం కూడా ఏమీ రాయలేదు. మావాడు నాకు విడిగా "అక్కా, చూశావా" అని పెట్టాడు. పదకొండున్నర అయింది. పడుకోబోతుంటే ఫోన్ మోగింది. గ్రూప్‌లో బాబాయి రాసిన మొదటి మెసేజ్.

"బండి తేవద్దు. ఇసకలో దిగబడుద్ది. గట్టు మీద నుంచి నడిచి రా."